కామెర్ల రోగికి కడుపునొప్పి వస్తే

మన వైపు కళ్లు పచ్చబడితే చాలు, పసరు పోయించడానికి బయలుదేరుతారు. హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో విశ్రాంతితో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. చిక్కంతా పిత్తాశయంలో రాళ్లున్నవారితోనే. రాయి జారి పైత్యరసం పారే నాళానికి అడ్డుపడినా కామెర్లే వస్తాయి. ఆ రాయి పసరుకు కదలదు. హెపటైటిస్ బి, సి ముదిరి కాలేయం గట్టిపడినవారిలో ఈ రాళ్లు మరీ ఎక్కువ.

మన ఇళ్లలో నర్సులంటే తల్లి, భార్య, కోడలు. తేడా పట్టుకోవలసింది వారే. హెపటైటిస్‌లో నీరసం, వికారం, కుడి డొక్కలో బరువు ఉంటాయి. రాయి నొప్పి వేరు. నూనె వస్తువులు తిన్న కొద్ది గంటల్లో కుడి పక్కటెముకల కింద పట్టేసి, వీపుకో కుడి భుజానికో పాకుతుంది. మలం సుద్ద రంగులో, మూత్రం డికాక్షన్ రంగులో ఉండి ఒళ్లంతా దురద పెడితే నాళం మూసుకుందేమోనని అనుమానించాలి. దానికి చలిజ్వరం తోడైతే తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి. రోగి మాట తడబడినా, మత్తుగా పడి ఉన్నా అంతే.

ఆస్పత్రికి చేరేదాకా తిండి పెట్టవద్దు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేయవద్దు. పారాసిటమాల్ కూడా మోతాదు మీరితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నొప్పి ఎన్నింటికి మొదలైంది, జ్వరమెంత, వాంతులెన్ని అన్నవి కాగితంపై రాసి డాక్టరుకివ్వండి. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఈ పని చేయగలరు, నేను చేయించాను.

బి, సి ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుంటే అంటవు, రక్తం ద్వారా అంటుతాయి. వేరు చేయవలసింది రోగి పళ్లెం కాదు, బ్లేడు, టూత్‌బ్రష్.

రంజాన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పగలంతా ఖాళీ కడుపు, ఇఫ్తార్‌లో సమోసాలు, హలీం. రాళ్లున్నవారికి నొప్పి రావడానికి ఇంతకంటే ఏం కావాలి? రోగి ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకోవచ్చని అల్ బఖరా సూరా 185వ ఆయతులోనే ఉంది. ఇంటి పెద్దలు చెబితేనే రోగి వింటాడు.

సూర్యాపేటలో, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. పెద్ద చికిత్సలకు ఆరోగ్యశ్రీ ఉంది. కోదాడ, మిర్యాలగూడ కూలి కుటుంబాలు ఆగిపోయేది అంతకుముందే, బయట తీయించే మొదటి స్కాన్ దగ్గర, తోడు వెళ్లినవారి కూలి దగ్గర. ఈసారి జకాత్ సొమ్ములో కొంత ఈ రెండింటికీ విడిగా ఉంచాలని దాతలను, కమిటీని కోరుతున్నాను.