వెండితెరపై చదరంగము

తెనాలి కూడలినుండి ఒక రైలుమార్గము రేపల్లెకు పోవును. మరియొకటి బాపట్ల మీదుగా చెన్నపట్టణము వైపు సాగును. ఈ మూడు పట్టణములును 2022 వరకు గుంటూరు జిల్లాలోనివే. గుమ్మడి వెంకటేశ్వరరావు, కొంగర జగ్గయ్య, కృష్ణ మున్నగు నటులు తెనాలి చెంతనున్న పల్లెలలో జన్మించిరి. చదరంగమున ప్రఖ్యాతి గాంచిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక గుంటూరు వారు. నటనకును చదరంగమునకును నెలవైన ఈ సీమవారు, ఆ ఆట తెరపై ఎట్లు కనబడుచున్నదో తెలిసికొనుట ఉచితము.

చదరంగము మౌనముగా ఆడు ఆట. ఆటగాండ్రిరువురు గంటల తరబడి కదలక కూర్చుందురు. పోరాటమంతయు మనస్సులోనే జరుగును. మనస్సును కెమెరా చూడజాలదు. కావున దర్శకులు ముడివడిన కనుబొమలను, వణకు వ్రేళ్లను, పరుగిడు గడియారమును చూపుదురు. అందు దోషము లేదు. కాని పలకను తప్పుగా అమర్చినచో ఆట నెరిగినవారు నవ్వుదురు. ఆటగాని కుడిచేతి వైపు మూలగడి తెల్లనిదై యుండవలెను. ఆట ఆరంభమున మంత్రి తన రంగు గడియందే నిలువవలెను. ఈ రెండు గుర్తులతో విద్యార్థులు ఏ చిత్రమునైనను పరీక్షింపవచ్చును.

ప్రేమ్‌చంద్ కథ నాధారముగా గొని సత్యజిత్ రాయ్ 1977లో 'శత్రంజ్ కే ఖిలాడీ' యను చిత్రమును తీసెను. 1856లో ఆంగ్లేయులు అవధ్ రాజ్యమును కబళించుచుండగా, లక్నోలోని ఇద్దరు ప్రభువులు ఆటలో మునిగియుందురు. కథలో వారు కత్తులు దూసి ఒకరినొకరు చంపుకొందురు. చిత్రములో బ్రతికి, ఆంగ్ల పద్ధతిలో మరల ఆడ మొదలిడుదురు. ఆ పద్ధతిలో మంత్రికి బదులు రాణి యుండును. పావు పేరు మారుట రాజ్యము చేతులు మారుటకు గుర్తు. తెలుగువారు మాత్రము నేటికిని ఆ పావును మంత్రి యనియే పిలుతురు.

2021లో తెలుగున 'చెక్' చిత్రము వెలువడెను. ఉరిశిక్ష పడిన యువకుడొకడు చెరసాలలో వృద్ధ ఖైదీ వలన చదరంగము నేర్చుకొనును. ఆ వృద్ధుని పాత్ర ధరించిన సాయిచంద్, తెనాలిలో నివసించిన కవి త్రిపురనేని రామస్వామి చౌదరికి మనుమడు. శిష్యుడు అల్పకాలములోనే ఆరితేరును. నిజ జీవితమున అట్టి ప్రావీణ్యమునకు ఏండ్ల తరబడి సాధన కావలయును.

కాలమును కుదించుట కథకు తగును. మనుష్యుల గౌరవమును కుదించుట తగదు. 2020లో వచ్చిన 'ది క్వీన్స్ గ్యాంబిట్' ధారావాహికలో, జార్జియా దేశపు నోనా గప్రిందాష్విలి పురుషులతో ఎన్నడును ఆడలేదని ఒక మాట యున్నది. కథ నడచిన 1968 నాటికే ఆమె యాబది తొమ్మిదిమంది పురుషులతో ఆడియుండెను. 1978లో గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందిన తొలి మహిళ ఆమెయే. కల్పిత నాయిక గొప్పతనము కొరకు సజీవురాలైన వీరవనిత ఘనత తగ్గింపబడెను. ఆమె 2021లో న్యాయస్థానము నాశ్రయించెను. మరుసటి ఏట ఆ వివాదము రాజీతో ముగిసెను.

కల్పనను మించిన సత్యము గుంటూరు సీమయందే కలదు. 2022లో మామల్లపురమున జరిగిన ఒలింపియాడులో హారిక నిండు గర్భిణిగా నుండి ఆడెను. ఆమె జట్టునకు కాంస్య పతకము లభించెను. 2024లో బుడాపెస్టున భారత జట్లు రెండును స్వర్ణ పతకములు గెలిచినపుడు, మహిళల జట్టులో హారికయు, మరియొక జట్టులో హరికృష్ణయు నుండిరి. ఆ దినములలో వారి వదనములు ప్రశాంతముగానే యుండి యుండవచ్చును. తెరపై చూపుటకు తగిన ఆర్భాటము కనబడక పోవచ్చును. ఐనను విజయము అట్టి మౌనము నుండియే పుట్టినది. చిత్రమును చూచి ఆనందింపవలెను. అందలి మనుష్యులను గూర్చిన సత్యమును మాత్రము విచారించియే గ్రహింపవలెను.