పుల్ల చూపని నిధి

భూమిలో దాగి ఉన్న ధనాన్ని నిధి అంటారు. బ్యాంకులు లేని కాలంలో మన పూర్వులు దొంగల భయం వల్ల, యుద్ధభయం వల్ల బంగారాన్ని, నాణేలను కుండలలో పెట్టి నేలలో పాతిపెట్టేవారు. శత్రువుల చేతికి చిక్కకుండా గుడిలోని ఉత్సవ విగ్రహాలను కూడా దాచేవారు. దాచినవారు మరణించగా కొన్ని నిధులు అలాగే ఉండిపోయాయి. చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న కంచు విగ్రహాలలో, పాత నాణేలలో అనేకం ఈ విధంగా నేలలోనుండి బయటపడినవే. పొలం దున్నేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో అవి అనుకోకుండా దొరికాయి.

అనుకోకుండా దొరికేదాన్ని ఎలాగైనా వెదకి పట్టాలనే ఆశ మనిషికి సహజం. ఆ ఆశ నుండి పుట్టినదే పుల్ల పట్టే విద్య. మన పల్లెలలో బావి తవ్వే ముందు పంగల వేపపుల్లను రెండు చేతులతో పట్టుకొని పొలమంతా నడిచేవారున్నారు. కొందరు అరచేతిలో కొబ్బరికాయను పెట్టుకొని నడుస్తారు. పుల్ల వంగినచోట, కాయ నిలబడినచోట నీరు ఉందని చెబుతారు. ఐరోపా గనులలో లోహాల కోసం ఇటువంటి పుల్లనే వాడేవారు. గనుల విద్యను గురించి 1556లో వెలువడిన గ్రంథంలో అగ్రికోలా అనే జర్మనీ పండితుడు ఈ పద్ధతిని వర్ణించి, మంచి గని పనివాడు దీనిని నమ్ముకోరాదని, నేలలో కనిపించే గుర్తులనే చూడాలని హెచ్చరించాడు. నేడు నిధుల కోసం తిరిగేవారు వంచిన రెండు ఇనుపకడ్డీలను పట్టుకొని నడుస్తున్నారు.

పుల్ల కదలడం అబద్ధం కాదు. అది నిజంగానే కదులుతుంది. కాని దానిని కదిలించేది నిధి కాదు, పట్టుకొన్న చెయ్యి. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1812లో ఈ సంగతిని పరీక్షించాడు. దారానికి కట్టిన బరువును పాదరసం మీద పట్టుకొంటే అది ఊగింది. మధ్యలో గాజుపలకను పెడితే ఊగడం ఆగింది. అంతటితో అతడు తృప్తి పడలేదు. కళ్లకు గంతలు కట్టుకొని, గాజుపలకను ఎప్పుడు పెట్టేదీ తనకు చెప్పవద్దని మరొకరిని కోరాడు. ఇప్పుడు పలకను పెట్టినా తీసినా తేడా లేదు. ఊగుతుందని మనసు అనుకొంటే చేతి కండరాలు మనకు తెలియకుండానే కదులుతాయని తేలింది. కనుక పుల్ల పట్టేవారందరూ మోసగాళ్లు కారు. వారిలో చాలామంది తమను తామే నమ్మినవారు.

మరి పుల్ల చూపినచోట నీరు ఎందుకు పడుతుంది? ఇసుక, ఒండ్రుమట్టి గల నేలలో భూగర్భజలం విశాలంగా వ్యాపించి ఉంటుంది. అటువంటి చోట ఎక్కడ తవ్వినా నీరు పడే అవకాశం ఎక్కువ. పడిన బావిని ఊరంతా చెప్పుకొంటుంది. ఎండిన గుంటను అందరూ మరచిపోతారు.

ఈ నమ్మకాన్నే కొందరు వ్యాపారంగా మార్చారు. పిడికి ఒక కమ్మీ తగిలించి, దూరాన ఉన్న బంగారాన్ని కూడా చూపే యంత్రమని చెప్పి అమ్ముతున్నారు. లోహాన్ని కనిపెట్టే నిజమైన పరికరం వేరు. దానిలోని తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం వల్ల దగ్గరలోని లోహంలో విద్యుత్తు పుడుతుంది. పరికరం దానిని గుర్తించి మోగుతుంది. అయినా చిన్న నాణెం కొద్ది అడుగుల లోతున ఉంటేనే అది పసిగట్టలేదు. ఇక మైళ్ల దూరం మాట ఎక్కడ?

బూటకపు యంత్రం వల్ల డబ్బు పోవడమే కాదు, ప్రాణాలకూ ముప్పు కలుగుతుంది. ఏడీఈ 651 అనే పరికరాన్ని బాంబులను కనిపెట్టేదిగా ఇరాకుకు అమ్మారు. దానిలో బ్యాటరీ కూడా లేదు. బాగ్దాదు వీధులలో పోలీసులు దానిని నమ్మి వాహనాలను వదలిపెట్టారు. దానిని అమ్మిన బ్రిటన్ వ్యాపారి జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో లండన్ న్యాయస్థానం పదేళ్ల జైలుశిక్ష విధించింది. మన ప్రాంతంలోనూ అత్యాశ తక్కువ హాని చేయలేదు. గుప్తనిధుల పేరిట పాత గుడులను తవ్వి, నంది విగ్రహాలను పగులగొట్టిన సంఘటనలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనేకం. లేని ధనం కోసం ఉన్న సంపదను నాశనం చేయడం ఇదే.

పుల్లను నమ్మక, నేలను చదివినవారికి ఏమి దొరికిందో చూడండి. 1863 మే 30వ తేదీన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గరి పల్లావరంలో కంకర తవ్విన గుంటను పరిశీలిస్తున్నాడు. అక్కడ అతనికి ఒక రాయి కనిపించింది. అది దొర్లి అరిగిన రాయి కాదని, మనిషి చేత్తో చెక్కిన గొడ్డలి అని అతడు గుర్తించాడు. మన దేశంలో పాతరాతియుగపు మానవుడు జీవించాడనడానికి అది తొలి సాక్ష్యమైంది. అదే సంవత్సరం సెప్టెంబరులో నేటి తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కంలోనూ అటువంటి పనిముట్లు దొరికాయి. అక్కడి పనిముట్లలో కొన్ని సుమారు 15 లక్షల ఏళ్లనాటివని శాంతి పప్పు బృందం 2011లో ప్రకటించింది. తూచి అమ్మితే ఆ రాయి చిల్లిగవ్వ చేయదు. కాని మానవుని చరిత్రలో అంతటి నిధి అరుదు.

నిధి దొరికితే ఏమి చేయాలో చట్టం చెబుతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రభుత్వం దానిని తీసుకోదలచితే లోహపు విలువకు ఐదవ వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెట్టినవారికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. దొరికిన వస్తువును కదిలించకుండా ఉంచడం ఇంకా మంచిది. అది ఏ లోతున, ఏ మట్టిలో, వేటి పక్కన ఉన్నదో తెలిస్తేనే దాని కాలం, కథ తెలుస్తాయి.

అర్థాలు
పంగ – చీలిన కొమ్మ
ఒండ్రుమట్టి – నీటి ప్రవాహం తెచ్చి వేసిన మట్టి
బూటకం – మోసం
గుప్తం – దాచబడినది

ప్రశ్నలు
1. పుల్ల కదలడానికి అసలు కారణమేమిటి? షెవ్రోల్ దానిని ఎలా తెలుసుకొన్నాడు?
2. పల్లావరంలో దొరికిన రాతిని నిధి అని ఎందుకు అన్నారు?
3. 'ఎండిన గుంటను అందరూ మరచిపోతారు' – ఈ వాక్యాన్ని మీ మాటలలో వివరించండి.
4. అత్యాశ – విడదీసి సంధి పేరు వ్రాయండి.

చేసి చూడండి
దారానికి ఉంగరం కట్టి నాణెం మీద పట్టుకోండి. తరువాత కళ్లు మూసుకొని, నాణెం ఉన్నదీ లేనిదీ తెలియకుండా పదిసార్లు పరీక్షించండి. ఫలితాలన్నీ, తప్పిపోయినవి కూడా, వ్రాసి తరగతిలో చదవండి.