నకలుకు పరీక్ష పునరుద్ధరణే

తాళపత్రానికి ఆయువు పరిమితం. చెదలు, తేమ, అగ్ని దానికి నిత్యశత్రువులు. అందుచేత ఆకులు శిథిలం కాకమునుపే లేఖకులు గ్రంథాన్ని కొత్త ఆకులపైకి ఎత్తి రాసేవారు. చూచినది చూచినట్లు రాశాననీ, తప్పులుంటే తనను నిందించవద్దనీ గ్రంథాంతంలో విన్నవించుకోవడం వారి ఆచారం. ఆ విన్నపంలో ఒక సత్యం ఇమిడి ఉంది: మూలంలోని దోషం నకలులోకీ వస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే గ్రంథానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, పరిష్కృత ప్రతులు సిద్ధం చేయించాడు. ప్రతి ఉన్నంత మాత్రాన చాలదు, దానిని చదివి సరిచూడాలి. నేడు వెబ్‌సైట్ల వెనుక ఉండే దత్తాంశనిధులకు, అనగా డేటాబేసులకు, ఇదే సూత్రం వర్తిస్తుంది.

వెబ్‌సైటులో పాఠకునికి కనిపించే పుటలు పైపొర మాత్రమే. సభ్యుల పేర్లు, వ్యాసాలు, చెల్లింపుల వివరాలు లోపల పట్టికల రూపంలో ఉంటాయి. వీటికి నకలు తీసే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది తార్కికమైన నకలు. మైఎస్‌క్యూఎల్‌డంప్, పీజీడంప్ వంటి ఉపకరణాలు పట్టికలను తిరిగి నిర్మించడానికి కావలసిన ఆదేశాలను వరుసగా రాసిపెడతాయి. రెండవది భౌతికమైన నకలు. ఇందులో డిస్కుపై ఉన్న ఫైళ్లనే తగిన పద్ధతిలో యథాతథంగా భద్రపరుస్తారు. మొదటిది వేరే యంత్రానికి తరలించడానికి అనుకూలం. కాని నిధి వందల గిగాబైట్లు ఉంటే, ప్రతి వరుసనూ మళ్లీ చేర్చి, సూచికలను మళ్లీ కట్టవలసి వస్తుంది గనుక పునరుద్ధరణ ఆలస్యమవుతుంది. అంతటి నిధులకు రెండవ పద్ధతి వేగవంతం. దానికి తోడు ప్రతి మార్పునూ నమోదు చేసే లాగ్ ఫైళ్లను కూడా దాచి ఉంచితే, ప్రమాదానికి ముందు క్షణం వరకు నిధిని తిరిగి తీసుకురావచ్చు.

ప్రతి రాత్రీ ఈ పనిని మనిషే చేయవలసి వస్తే ఏదో ఒకనాడు మరచిపోతాడు. కనుక ఆదేశాలను స్క్రిప్టుగా రాసి, నిర్ణీత వేళకు పనులు నడిపించే క్రాన్ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తారు. నకలు తీయడం, కుదించడం, వేరొక ఊరిలోని యంత్రానికి పంపడం, గడువు తీరినవాటిని తొలగించడం దాని విధులు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. డంప్ ఫలితాన్ని నేరుగా కుదింపు ప్రోగ్రాములోకి పంపినప్పుడు, షెల్ సాధారణంగా చివరి ప్రోగ్రాము ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. డంప్ నడుమ విఫలమైనా కుదింపు సజావుగా ముగిస్తే, అంతా సవ్యమనే నివేదిక వస్తుంది. చేతికి దక్కేది అసంపూర్ణమైన ఫైలు. దీని నివారణకు బ్యాష్ షెల్‌లో పైప్‌ఫెయిల్ అనే అమరిక ఉంది. అంతేకాక, మైఎస్‌క్యూఎల్‌డంప్ సాధారణంగా పని ముగిసినట్లు ఫైలు చివర ఒక వరుస రాస్తుంది. అది ఉన్నదో లేదో స్క్రిప్టు పరిశీలించాలి.

ఈ జాగ్రత్తల విలువ 2017 జనవరి 31న లోకానికి తెలిసివచ్చింది. గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రధాన యంత్రానికీ, దానిని అనుసరించే రెండవ యంత్రానికీ మధ్య అనుసంధానం చెడింది. రెండవ యంత్రంలోని ఫైళ్లను తొలగించి మళ్లీ ఆరంభించాలనుకున్న ఇంజనీరు, పొరపాటున ఆ ఆదేశాన్ని ప్రధాన యంత్రంపై ఇచ్చాడు. గ్రహించి ఆపేలోగా సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి. రోజువారీ నకళ్ల కోసం వెదకగా, అవి ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది! దత్తాంశనిధి 9.6 వెర్షనులో ఉండగా, నకలు తీసే ఉపకరణం 9.2 వెర్షనుగా నడిచి ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్లు సరైన ధ్రువీకరణ లేక తిరస్కరణకు గురయ్యాయి. పరీక్షల నిమిత్తం ఆరు గంటల ముందు ఒకరు తీసిన నకలే చివరకు ఆదుకుంది. నెమ్మదైన డిస్కుల నుండి దానిని తరలించి సేవలను నిలబెట్టడానికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల నడుమ చేరిన దత్తాంశం తిరిగి రాలేదు.

దోషం ఆ ఒక్క ఇంజనీరుది కాదు. పునరుద్ధరణను పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించలేదని సంస్థే తన విచారణలో ఒప్పుకున్నది. అనుసరించే యంత్రం ఉన్నది కదా అనే ధీమా కూడా తగదు. ప్రధాన యంత్రంలో పొరపాటున చెరిపిన వరుస క్షణాలలో అక్కడా చెరిగిపోతుంది.

తెలుగు వెబ్‌సైట్లకు మరొక ప్రమాదం కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. పునరుద్ధరించేటప్పుడు పాత లాటిన్-1 అమరికకు మారిస్తే, అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు చేరవచ్చు. వాటి నుండి మూలాన్ని రాబట్టడం అసాధ్యం. అటువంటప్పుడు వరుసల లెక్క సరిపోయినా చదవడానికి ఏమీ మిగలదు.

ప్రవాసాంధ్ర సంఘాల సభ్యుల పట్టికలు, విరాళాల లెక్కలు, పాత సంచికల రచనలు నేడు ఇటువంటి నిధులలోనే ఉంటున్నాయి. కార్యవర్గాలు మారినప్పుడు సంకేతపదాలతో పాటు నకళ్ల బాధ్యత కూడా చేతులు మారాలి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊరిలో: ఇది అనుభవజ్ఞుల నియమం. మూడు నెలలకొకసారి ఖాళీ యంత్రంపై నకలును పునరుద్ధరించి, పట్టిన సమయాన్ని రాసుకొని, పట్టికల వరుసలు లెక్కించి, కొన్ని పుటలను కంటితో చదివి చూడాలి. అందుకు ఒక ఆదివారం మధ్యాహ్నం చాలును. ముప్పై ఏళ్ల సంఘచరిత్రను కాపాడుకోవడానికి అది పెద్ద మూల్యం కాదు.