పరిశోధక విద్యార్థి భృతియు, ఊరి వెచ్చమును

మా పాఠశాలలో చదివి వెడలిన బాలబాలికలలో కొందఱు నేడు ఎం.ఏ., ఎం.ఎస్సీ. పట్టములు పొంది, పరిశోధనకు పోవుదుమా, ఉద్యోగమున చేరుదుమా అని ఊగిసలాడుచున్నారు. గడచిన తల్లిదండ్రుల సమావేశమున ఒక తండ్రిగారు లేచి, "అయ్యా, మా అమ్మాయి తెలుగులో పిహెచ్.డి. చేయుదునని పట్టుబట్టినది. ఐదేండ్లపాటు మేమే డబ్బు పంపవలెనా? సైన్సు చదివినవారికే ప్రభుత్వము భృతి ఇచ్చుననియు, భాష చదివినవారికి ఏమియు రాదనియు అందఱును చెప్పుచున్నారే!" అని అడిగిరి. "మనము అల్పసంఖ్యాకులము గదా, మనకు ప్రత్యేక ఉపకారవేతనము ఉండును, చింతింపకుడు" అని మేము బదులు చెప్పితిమి. ఇంటికి పోయి విచారించి చూడగా, వారు విన్న మాటలో సగము తప్పనియు, మేము చెప్పిన మాట పూర్తిగా తప్పనియు తేలినది. ఆ తప్పును నలుగురి యెదుట దిద్దుకొనుట మా ధర్మము. అందులకే ఈ వ్యాసము.

నెలభృతి అందఱికిని ఒక్కటే

మన దేశమున పరిశోధక విద్యార్థికి ముఖ్యమైన ఆధారము జె.ఆర్.ఎఫ్. అను పరిశోధనా భృతి. ఏటా రెండు మాఱులు జరుగు నెట్ పరీక్షలో ఉన్నతస్థానము పొందినవారికి ఇది లభించును. సాహిత్యము, చరిత్ర, అర్థశాస్త్రము మొదలగు విషయములవారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., ఈ పరీక్షను ఏర్పఱచినది. విజ్ఞానశాస్త్రములవారికి సి.ఎస్.ఐ.ఆర్.తో కలసి నడపు పరీక్ష వేఱుగా కలదు.

ఈ భృతి 2010లో నెలకు 16,000 రూపాయలు; 2014లో 25,000; 2019లో 31,000. 2023 జనవరి 1వ తేది నుండి మొదటి రెండేండ్లకు నెలకు 37,000, తరువాతి మూడేండ్లకు నెలకు 42,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. గమనింపదగిన సంగతి యేమనగా, తెలుగు చదివిన పిల్లకును, రసాయనశాస్త్రము చదివిన పిల్లవానికిని ఈ మొత్తము ఒక్కటే. నెట్ పరీక్షలో తెలుగు కూడ ఒక విషయము. కావున "భాషకు భృతి లేదు" అనుమాట నిజము కాదు.

తేడా ఎచ్చట ఉన్నది?

అట్లని శాఖాభేదము బొత్తిగా లేదనలేము. అది నాలుగు చోట్ల కానవచ్చును.

మొదటిది, పుస్తకములు, ప్రయాణములు మొదలగు చిల్లర వెచ్చములకై ఏడాదికొకమాఱు ఇచ్చు మొత్తము. యు.జి.సి. లెక్కలో మానవీయ శాస్త్రములవారికి మొదటి రెండేండ్లు ఏడాదికి 10,000, పిదప 20,500 రూపాయలు. విజ్ఞానశాస్త్రములవారికి 12,000, పిదప 25,000 రూపాయలు. ఇది చిన్న తేడా.

రెండవది, 2018లో ఆరంభమైన ప్రధానమంత్రి పరిశోధనా భృతి. ఇది నెలకు 70,000తో మొదలై 80,000 వఱకు పెరుగును. కాని ఇది విజ్ఞాన సాంకేతిక శాఖలకే పరిమితము. ఇది పెద్ద తేడా.

మూడవది, ఆచార్యులు నడపు పథకముల ద్వారా దొరకు భృతి. ప్రయోగశాలలకు ప్రభుత్వశాఖలు నిధులిచ్చునపుడు, అందు పనిచేయు విద్యార్థికి కూడ భృతి ఏర్పడును. సాహిత్య చరిత్ర శాఖలలో అట్టి పథకములు అరుదు. అనగా సైన్సు విద్యార్థికి ఇంటికి రెండు వాకిళ్లు. భాషా విద్యార్థికి తఱచుగా ఒక్కటే.

నాలుగవది, పరిశోధనకు ముందటి మెట్టు. గేట్ పరీక్ష ద్వారా ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు వచ్చును. ఎం.ఏ. చదువువారికి అట్టి సహజమైన ఏర్పాటు లేదు. 2023లో యు.జి.సి. ప్రకటించిన స్నాతకోత్తర ఉపకారవేతనము, ఏడాదికి పది నెలలు, నెలకు 15,000 రూపాయల చొప్పున, మానవీయ శాస్త్రములవారికి కూడ వర్తించును గాని, అది అందఱికిని దొరకునది కాదు.

వీనియన్నిటికంటె లోతైన అగడ్త మఱొకటి కలదు. జె.ఆర్.ఎఫ్. రాకుండ కేంద్రీయ విశ్వవిద్యాలయమున చేరిన పరిశోధకునికి యు.జి.సి. ఇచ్చునది నెలకు 8,000 రూపాయలు మాత్రమే. ఈ భృతిని ఆపివేయవలెనని యు.జి.సి. నిశ్చయింపగా, దానిని ఎదిరించి 2015లో ఢిల్లీలో విద్యార్థులు పెద్ద ఆందోళన చేసిరి. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో పలుచోట్ల ఆ మాత్రమును లేదు. ఒకే గదిలో, ఒకే విషయమున పనిచేయు ఇద్దఱిలో ఒకరికి 37,000, మఱొకరికి 8,000! సైన్సుకును తెలుగునకును నడుమనున్న దూరముకంటె, పరీక్ష గెలిచినవారికిని గెలువనివారికిని నడుమనున్న దూరమే ఎక్కువ అని మా అభిప్రాయము.

ఊరినిబట్టి లెక్క

భృతితోపాటు, వసతిగృహములో చోటు దొరకనివారికి ఇంటి అద్దె భత్యము కలదు. ఇది ఊరినిబట్టి మాఱును. కేంద్రప్రభుత్వము నగరములను మూడు తరగతులుగా విభజించినది. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు మొదటి తరగతి; సేలము, కోయంబత్తూరు, తిరుచిరాపల్లి, విజయవాడ రెండవది; మన ధర్మపురి, కుప్పము వంటివి మూడవది. కేంద్ర ఉద్యోగులకు 2024 జనవరి నుండి ఈ భత్యము వరుసగా నూటికి 30, 20, 10 చొప్పున ఉన్నది. 37,000 రూపాయలకు ఆ లెక్క వేసి చూతము.

చెన్నైలో భత్యము 11,100, మొత్తము 48,100.
సేలములో భత్యము 7,400, మొత్తము 44,400.
కుప్పములో భత్యము 3,700, మొత్తము 40,700.

చెన్నైకిని కుప్పమునకును తేడా నెలకు 7,400 రూపాయలు. చెన్నైలో బ్రదుకుటకు అదనముగా అగు ఖర్చు ఆ 7,400తో తీఱునా? ఇదియే ప్రశ్న.

మా పాత విద్యార్థులిద్దఱు గత దసరా సెలవులలో మమ్ము చూడవచ్చిరి. ఇద్దఱికిని జె.ఆర్.ఎఫ్. వచ్చుచున్నది. అబ్బాయి మహానగరమున రసాయనశాస్త్రము, అమ్మాయి చిన్న పట్టణమున చరిత్ర. ఇద్దఱిచేతను నల్లబల్లపై లెక్క వ్రాయించితిమి. అబ్బాయికి వచ్చునది 48,100. గది అద్దె 14,000, భోజనము 9,000, రాకపోకలు 2,500, ఇతరములు 5,000, మొత్తము 30,500. మిగులు 17,600. అమ్మాయి వసతిగృహములో ఉన్నది గనుక ఇంటి అద్దె భత్యము లేదు, వచ్చునది 37,000. వసతికిని భోజనమునకును 6,000, ఇతరములకు 4,000. మిగులు 27,000. చరిత్ర చదువు పిల్ల నెలకు 9,400 రూపాయలు ఎక్కువ మిగుల్చుచున్నది! ఆమెకే 8,000 భృతి అయినచో నెలకు 2,000 ఇంటినుండి పంపవలసి యుండెడిది. ఇది వారిద్దఱి లెక్క మాత్రమే; మీ పిల్లల లెక్క మీరు వేయుడు.

అయితే చౌక అను ఒక్క కారణమున ఊరిని ఎన్నుకొనరాదు. తెలుగు తాళపత్రములు చదువగోరు పిల్లకు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము అవసరము. మన పొరుగుననే, 1997లో కుప్పమున స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. అచ్చట చదివి, ఏడాదికి కొన్ని వారములు చెన్నై పోయి వచ్చుట కూడ ఒక మార్గమే. తగిన గురువు, తగిన గ్రంథాలయము, పిదప వెచ్చము అనునది సరియైన వరుస.

ఇతర దేశములలోను ఈ చిక్కు కలదు. బ్రిటనులో ప్రభుత్వ పరిశోధనా మండలులు అన్ని శాఖలకును ఒకే కనిష్ఠ భృతి నిర్ణయించును. 2024-25లో అది ఏడాదికి 19,237 పౌనులు. లండనులో చదువువారికి మఱి 2,000 అధికము. అమెరికాలోనో, ఒకే విశ్వవిద్యాలయమున శాఖనుబట్టి భృతి మాఱుట సామాన్యము. "అమెరికాలో ఇన్ని డాలర్లు" అని ఎవరైన చెప్పినపుడు, ఏ శాఖలో, ఏ ఊరిలో అని మీరు అడుగవలెను.

మేము దిద్దుకొనవలసిన మాట

భాషాల్పసంఖ్యాకులమగుటచే మన పిల్లలకు ప్రత్యేక పరిశోధనా భృతి ఉండునని మేము చెప్పితిమి. అది పొరపాటు. రాజ్యాంగము 30వ అధికరణము మతముచేతను భాషచేతను అల్పసంఖ్యాకులైనవారికి విద్యాసంస్థలు స్థాపించి నడపుకొను హక్కు నిచ్చినది. మన పాఠశాల దాని నీడనే నిలిచియున్నది. కాని ఆ హక్కు వేఱు, ఉపకారవేతనము వేఱు. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ భృతి మతాల్పసంఖ్యాకులకై ఏర్పడినది, భాషాల్పసంఖ్యాకులకు కాదు. దానిని కూడ 2022-23 నుండి కొత్తవారికి ఇచ్చుట మానిరి.

మనకు మిగిలిన వాకిళ్లు ఇవి. షెడ్యూల్డు కులములు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతులవారికి జాతీయ భృతులు కలవు. వీనికి కుల ధ్రువపత్రము అవసరము. ఇంటికి ఒక్కతే సంతానమైన ఆడపిల్లకు సావిత్రీబాయి ఫూలే పేరిట యు.జి.సి. భృతి కలదు. తమిళనాడు ప్రభుత్వము నెలకు 25,000 రూపాయల ముఖ్యమంత్రి పరిశోధనా భృతిని ఏర్పఱచినది. జె.ఆర్.ఎఫ్.కు సామాన్యముగా వయోపరిమితి 30 ఏండ్లు. స్త్రీలకును మఱికొందఱికిని ఐదేండ్ల సడలింపు కలదు.

ఇంకొక హెచ్చరిక. భృతి మంజూరగుట ఒకటి, చేతికి వచ్చుట ఒకటి. మేము చెప్పిన ఆ అమ్మాయికి మొదటి ఆఱు నెలలు ఒక్క రూపాయియు రాలేదు. కాగితములు ఒక బల్లనుండి మఱొక బల్లకు నడచుచుండగా, తల్లి గాజులు కుదువ పెట్టినది. డబ్బు తరువాత ఒక్కమాఱుగా వచ్చినది, గాజులు విడిపించిరి, వడ్డీ మాత్రము పోయినది. కావున పరిశోధనకు పంపు ప్రతి కుటుంబమును ఆఱు నెలల వెచ్చము ముందుగా చేర్చి పెట్టుకొనుట మేలు.

తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్నలు

1. మా బిడ్డకు జె.ఆర్.ఎఫ్. వచ్చినదా? రానిచో ఆ సంస్థ తనంతట ఏమి ఇచ్చును?
2. వసతిగృహములో చోటు నిశ్చయమా? ఎన్ని ఏండ్లకు?
3. ఆ ఊరిలో అద్దె, భోజనము పోగా నెలకు మిగులునది ఎంత?
4. భృతి ఆలస్యమైనచో ఆఱు నెలలు గడచు దారి ఏది?

ఈ నాలుగింటికిని కాగితముపై బదులు వ్రాసినపుడు, భయమును ఆశయు రెండును తమ తమ హద్దులలో నిలుచును. ఆ తండ్రిగారిని మఱల పిలిపించి, మా తప్పు ఒప్పుకొని, ఈ ప్రశ్నలు వారిచేతికి ఇచ్చితిమి. అమ్మాయి నెట్ పరీక్షకు చదువుచున్నది. ఒక ఏడాది ఆమెను చదువనిత్తుమనియు, జె.ఆర్.ఎఫ్. వచ్చినచో ఎంత దూరమైనను పంపుదుమనియు వారు చెప్పిరి. రాకపోయినచో ఏమి చేయవలెనో అపుడు కూర్చుండి మాటలాడుకొందము. పాఠశాల తలుపు మీకు ఎపుడును తెఱచియే యుండును.