నేటి లాభము - రేపటి గిరాకీ

వర్తకులమైన మనకు దినదినము కనబడునది చిట్టా. సాయంకాలము పెట్టె లెక్కించినపుడు సొమ్ము హెచ్చుగా నున్నచో ఆ దినము బాగుగా జరిగినదని తలంతుము. ఆ సొమ్మును తెచ్చు శక్తి పెరిగినదా, తరిగినదా యనుటకు మాత్రము చిట్టాలో గడి లేదు. నా యనుభవమునే చెప్పెదను.

బళ్లారి ప్రాంతమున మాది పప్పుల అంగడి. నా తండ్రిగారి నాటినుండి ఇద్దరు ఆడవాళ్లు కందిపప్పును జల్లించి, చేటలతో చెరిగి, రాళ్లు ఏరెడివారు. వారి చేతులమీదుగా దినమునకు నాలుగు బస్తాలకు మించి సాగెడిది కాదు. 2006లో నేను ఆ పని మాన్పించి, మిల్లు సరకును వచ్చినది వచ్చినట్లే తూచితిని. కూలి మిగిలినది. కిలోకు రూపాయి తగ్గింపగా కొత్తవారు వచ్చిరి. దినమునకు ఆరు బస్తాలు కదలినవి. ఆ దీపావళికి లెక్కలు చూచి నా తెలివికి నేనే మురిసితిని.

మరుసటి యేడు పెళ్లి సామానుల పట్టీలు తగ్గినవి. ప్రక్క వీధిలో మరొకరు అర్ధరూపాయి తగ్గించి అమ్మగా, ఆ కొత్తవారును అటు పోయిరి. ఒక పెద్దమ్మ మాత్రము అంగడికి వచ్చి, “ఏమయ్యా సేటూ, మీ నాయన ఉన్నప్పుడు పప్పు చూడకుండా ఎసట్లో పోసేదాన్ని. ఇప్పుడు అద్దాలు పెట్టుకొని ఏరుకోవాల్సి వస్తోంది” అనెను. మూడవ అణువ్రతమునకు చెప్పిన అతిచారములలో తూనికల మోసమే గాక, మేలు సరకని నాసి సరకు నిచ్చుటయు గలదు. తూకము తప్పలేదు గదా యని నేను మొదటిదానితో సమాధానపడి, రెండవదానిని మరచితిని.

దీనికి మారుగా గుజరాతులోని ఆనంద్ పాల సంఘము చేసినది చూడుడు. 1946లో రిజిస్టరైన ఆ సంఘమునకు చలికాలమున పాలు వెల్లువగా వచ్చెడివి. బొంబాయి వాటినన్నిటిని తీసికొనెడిది కాదు. వద్దని త్రిప్పి పంపినచో ఆనాటి ఖర్చు తప్పును. కాని రైతు మరల దళారి గుమ్మమునకే పోవును. వారు 1955లో పొడి, వెన్న తయారుచేయు కర్మాగారమును నెలకొల్పిరి. గేదెపాలను పొడిచేయుట సాగదని పరదేశ నిపుణులన్నను, దలాయాగారు చేసి చూపిరి. ఎండకాలపు కొరత తీరుటకు చలికాలపు మిగులే ఆధారమైనది. దినపు రాబడిలో కొంత యంత్రమునకు, కొంత మనుష్యుల నమ్మకమునకు పెట్టుట యనగా నిదియే.

నేను ఆ యిద్దరిని మరల పిలిచితిని, ఒకతెయే వచ్చినది. రూపాయి తిరిగి పెంచితిని. అప్పటినుండి చిట్టా ప్రక్కన మరొక పుస్తకము నుంచి, మూడు నెలలుగా రాని ఖాతాదారుల పేర్లు వ్రాయుచున్నాను. గుమాస్తా వారింటికి పోయి కారణ మడిగి వచ్చును. (మొదట వాడికి సిగ్గు; ఇపుడు కాఫీ త్రాగికాని రాడు.) పాత గిరాకీ మరలుటకు మూడేండ్లు పట్టినది, అదియు పూర్తిగా కాదు. ఆ పెద్దమ్మ యున్నంతకాలము మా పప్పే కొనెను. ఆమె కోడలు మాత్రము నేటికిని మా అంగడి మెట్లెక్కలేదు.