దొంగ ఎవరు?

దీపావళి మర్నాడు. తెల్లారేసరికి ఒక ఇంట్లో వెండి కడియాలు పోయాయి. ఇంటావిడ లబోదిబోమంది. ఊరంతా గుమిగూడింది.

“ఇంకెవరు? పాలేరే తీసుంటాడు” అన్నారు నలుగురూ.

“నాకేం తెలీదమ్మా. పండక్కి మా అత్తోరి ఊరు పోయాను. ఇప్పుడే వస్తున్నా” అన్నాడు పాలేరు.

పక్కింటి పెద్దమనిషి ముందుకొచ్చాడు. “రాత్రి పన్నెండు గంటలకు నేను అరుగు మీదే ఉన్నాను. నిండు వెన్నెల కాస్తోంది. వీడు గోడ దూకడం నా కళ్లతో చూశాను” అన్నాడు.

అందరూ పాలేరు మీద పడ్డారు. అంతలో ఒక ముసలమ్మ “ఆగండర్రా! ఇందులో ఒక అబద్ధం ఉంది” అంది.

ఏమిటా అబద్ధం? ఎవరు చెప్పారు? జవాబు ఈ కథలోనే ఉంది. పైకి వెళ్లి మళ్లీ ఒకసారి చదవండి.

చూశారా! ఎవరూ బలవంతం చెయ్యకుండానే రెండోసారి చదవబుద్ధి అయింది. డిటెక్టివ్ నవలల్లో ఉండే మజా ఇదే. వీటినే అపరాధ పరిశోధన నవలలు అని కూడా అంటారు.

ఈ నవలల్లో మొదటే ఒక దొంగతనమో, హత్యో జరుగుతుంది. నలుగురైదుగురి మీద అనుమానం వస్తుంది. నేరం ఎవరు చేశారో కనిపెట్టే మనిషి ఒకరుంటారు. ఆ మనిషినే డిటెక్టివ్ అంటారు. మంచి రచయిత ఆధారాన్ని దాచిపెట్టడు. కళ్లముందే పెడతాడు. కాని చదివేవారి చూపును ఇంకోవైపు తిప్పుతాడు. చివరికి అసలు దొంగ బయటపడితే, “అయ్యో, నేనెట్లా గమనించలేదు!” అనిపిస్తుంది.

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు ఇలాంటి నవలలు చాలా రాశారు. ఆయన నవలల్లో డిటెక్టివ్ పేరు యుగంధర్. అతని అసిస్టెంటు రాజు. ఒకప్పుడు అద్దె పుస్తకాల కొట్లలో ఇలాంటి నవలలు తెచ్చుకుని, వంతులు వేసుకుని చదివేవారు.

ఇంగ్లండు దేశంలో అగాథా క్రిస్టీ అనే రచయిత్రి ఉండేది. ఆమె 1890లో పుట్టింది. పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా చదువు నేర్పకూడదని వాళ్లమ్మ అనుకుంది. కాని అగాథా అయిదేళ్లకే తనంతట తాను చదవడం నేర్చుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆస్పత్రిలో మందులిచ్చే చోట పనిచేసింది. ఏ మందు మేలు చేస్తుందో, ఏది విషమో అక్కడే తెలుసుకుంది. ఆ తెలివినంతా కథల్లో పెట్టింది. 1920లో ఆమె మొదటి డిటెక్టివ్ నవల అచ్చయింది. 1976లో చనిపోయేలోపు అరవైకి పైగా రాసింది.

ఆమె కథల్లో మిస్ మార్పుల్ అనే ముసలావిడ ఉంది. ఆమె పోలీసు కాదు. పల్లెటూళ్లో ఉంటుంది. ఊలు అల్లుకుంటూ, నలుగురి మాటా వింటూ కూర్చుంటుంది. “మా ఊళ్లో ఫలానా మనిషీ ఇట్లాగే చేశాడు” అని పోల్చి చూసుకుంటుంది. పోలీసులకు అందని దొంగను ఆమె పట్టిస్తుంది. ఊరి సంగతులు తెలిసిన ఆడవాళ్ల తెలివి తక్కువదేమీ కాదు మరి!

“కొత్తగా చదువు నేర్చాం. కూడబలుక్కుని చదువుతాం. నవలలు మావల్ల ఎక్కడవుతాయి?” అని కొందరు వెనకాడతారు. కాని ఈ నవలలకు నిదానమే మంచిది. గబగబా చదివేవారు ఆధారాన్ని దాటిపోతారు. మాట మాటా కూడుకుని చదివేవారికే అది దొరుకుతుంది.

“నవలలు చదివితే పనులెవరు చేస్తారు?” అని ఇంట్లో అనొచ్చు. రోజుకు రెండు పేజీలు చాలు. వాడని కొడవలి తుప్పు పడుతుంది. చదవకపోతే నేర్చిన అక్షరాలూ అంతే. తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంటే, పుస్తకం దానంతటదే చేతికొస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. నలుగురూ అన్నారని ఒకరిని దొంగ అనకూడదని ఈ కథలు నేర్పుతాయి. పెద్దమనిషి చెప్పినా సరే, “ఆధారం ఏది?” అని అడగడం అలవాటవుతుంది. అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు కూడా ఆ అలవాటు పనికొస్తుంది.

మీ ఊరికి దగ్గర్లో గ్రంథాలయం ఉంటే ఒక డిటెక్టివ్ నవల అడిగి తెచ్చుకోండి. ఒక్కటే నియమం: చివరి పేజీ ముందుగా చూడకూడదు!

కొత్త మాటలు
అనుమానం – ఆధారం – నేరం – అపరాధ పరిశోధన

మాట్లాడుకోండి
1. దీపావళి ఏ తిథినాడు వస్తుంది? ఆ రాత్రి ఆకాశం ఎట్లా ఉంటుంది?
2. కథలో అబద్ధం చెప్పింది ఎవరు? ఎందుకు చెప్పి ఉంటాడు?
3. అబద్ధం చెప్పినంత మాత్రాన అతనే దొంగ అనవచ్చా? ఇంకేం ఆధారం కావాలి?
4. అందరూ ముందుగా పాలేరునే ఎందుకు అనుమానించారు?

రాయండి
ముసలమ్మ తర్వాత ఏమని ఉంటుంది? అయిదు వాక్యాల్లో కథను పూర్తి చెయ్యండి. పక్కవారికి చదివి వినిపించండి.