నీటి అడుగున ఎరుపు ఏమవుతుంది?

సముద్రంలో ఇరవై మీటర్ల లోతున డైవరు చెయ్యి గీరుకుపోతే, కారే నెత్తురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. మారింది నెత్తురు కాదు, వెలుతురు. నీరు ముందుగా ఎరుపు కిరణాలను పీల్చేస్తుంది. అయిదు మీటర్లు దిగేసరికే ఎరుపులో చాలాభాగం పోతుంది. తర్వాత నారింజ, పసుపు. చివరికి మిగిలేవి నీలం, ఆకుపచ్చలే. రంగును బట్టి చేపను గుర్తించే జంతుశాస్త్ర విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. రంగు తప్పితే పేరే తప్పుతుంది.

మరి అసలు రంగు దక్కేదెలా? కొద్దిలోతులో ఎర్ర ఫిల్టరు చాలు. అయితే అది ఎరుపును పుట్టించదు, నీలాన్ని తగ్గిస్తుందంతే. డిజిటల్ కెమెరాకైతే ఆ లోతులోనే తెల్లపలక చూపించి వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. లోతు మారితే మళ్ళీ చేయాలి. ఇంకా దిగితే వెలుతురు మనమే పట్టుకెళ్ళాలి. 1926లో ఫ్లోరిడా తీరాన లాంగ్లీ, మార్టిన్‌లు నీటి అడుగున మొదటి రంగుల ఫోటోలు తీసింది మెగ్నీషియం పొడి వెలిగించే! ఫ్లాష్ వెలుగు కూడా నీళ్ళలోనే పోయి రావాలి కనుక మీటరు లోపుకు చేరి తీయాలి.

మన గోదారి వరదనీటిలో ఈ ఉపాయమూ సాగదు. ఒండ్రు రేణువులు ఫ్లాష్‌ను వెనక్కి కొట్టి బొమ్మంతా చుక్కలు చేస్తాయి. విశాఖ తీరాన తేటనీరున్న రోజు చూసుకుని దిగడమే మేలు. తీసిన ప్రతి ఫోటో కింద లోతెంతో, వెలుగేదో రాసిపెట్టుకోవాలి. అప్పుడే అది సాక్ష్యంగా నిలుస్తుంది.